బుడమేరు మోడల్ "సరిపోయింది" అంటే దేనితో, ఎంత మేరకు?

సంపాదకులకు,

ఆర్యా,

2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన వరద తర్వాత బుడమేరు వాగు గురించి ఎక్కడ చర్చ జరిగినా "కంప్యూటర్ మోడల్‌లో వేసి చూశాం" అన్న మాట వినపడుతోంది. కాలువను ఇంత వెడల్పు చేస్తే సింగ్‌నగర్‌లో నీళ్లు ఇంత తగ్గుతాయనీ, వెలగలేరు దగ్గర ఇన్ని వేల క్యూసెక్కులు కృష్ణలోకి మళ్లిస్తే రాజరాజేశ్వరిపేట గట్టెక్కుతుందనీ రంగుల పటాలు చూపిస్తారు. ఆ మోడల్‌ను నమ్మొచ్చా అని అడిగితే "2024 వరదతో సరిచూశాం, సరిపోయింది" అంటారు. ఈ ఉత్తరం ఆ చివరి మాట గురించే.

దర్జీకి ఆది జాకెట్టు ఇచ్చి కుట్టించుకుంటాం. భుజాల దగ్గర కుదిరి చంకల కింద పట్టేస్తే సరిపోయిందని ఎవరూ అనరు. వరద మోడల్‌కు ఆది ఏమిటంటే, జరిగిపోయిన వరదలో మనుషులు, గేజీలు, ఉపగ్రహాలు నమోదు చేసిన కొలతలు. వాటినే క్యాలిబ్రేషన్ లక్ష్యాలు అంటారు. మోడల్‌లో తిప్పడానికి వీలున్న మరలు కొన్ని ఉంటాయి: కాలువ గరుకుదనాన్ని చెప్పే మానింగ్ సంఖ్య, వానలో ఎంత భూమిలోకి ఇంకిందన్న అంచనా, గేట్ల ప్రవాహ గుణకం, గండి ఎంత వెడల్పున ఎన్ని గంటలకు పడిందన్న వివరం. లక్ష్యాలకు దగ్గరగా వచ్చేదాకా ఈ మరలు తిప్పడమే క్యాలిబ్రేషన్. ఇందులో తప్పేమీ లేదు. ఎన్ని మరలు తిప్పారు, ఎన్ని కొలతలతో పోల్చారు అన్నది చెప్పకపోవడమే తప్పు. మరలు పది, కొలత ఒకటి అయితే ఎలాంటి మోడలైనా సరిపోతుంది.

ముందు లక్ష్యాల సంగతి చూద్దాం, ఎందుకంటే అవి కూడా రాతి మీద చెక్కినవి కావు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లిందని నమోదైంది. ఘనపు మీటర్లలో సెకనుకు 32 వేల పైచిలుకు. ఈ అంకెను నదిలో ఎవరూ నేరుగా కొలవలేదు. 70 గేట్లు ఎంత ఎత్తారు, ఎగువన దిగువన నీటిమట్టం ఎంత అన్నవి చూసి సూత్రం ప్రకారం కట్టిన లెక్క అది. గేట్లు పూర్తిగా లేచి, దిగువ నీరు కూడా పైకి వచ్చి తూము మునిగిన స్థితిలో ఆ సూత్రంలోని గుణకం బాగా మారిపోతుంది. అంత పెద్ద వరదలో లెక్క 10 శాతం అటూ ఇటూ అయితే ఇంజనీర్లు ఆశ్చర్యపోరు. 10 శాతం అంటే లక్షా 14 వేల క్యూసెక్కులు. 2009 అక్టోబరులో నమోదైన 11.10 లక్షలకూ దీనికీ తేడా 3 శాతమే. ఏది రికార్డు అన్న వాదన పత్రికలకు బాగుంటుంది గానీ కొలత దాన్ని తేల్చలేదు. అలాంటి అంకెతో మా మోడల్ అర శాతం తేడాలో కలిసింది అని ఎవరైనా గొప్పగా చెబితే, వాళ్లు నదితో పోల్చలేదు, మరో సూత్రంతో పోల్చారు.

అదే బ్యారేజీ దగ్గర శిఖరం, అంటే వరద అన్నిటికంటే ఎక్కువగా ఉన్న స్థితి, ఒక్కటే చూడటం ఇంకో పొరపాటు. మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కుల దగ్గర, రెండోది 5.69 లక్షల దగ్గర ఇస్తారు. ఆ రెండు ప్రవాహాల దగ్గరా నీటిమట్టం సరిగ్గా వస్తోందా చూడాలి. 11 లక్షల దగ్గర కలిపి 4 లక్షల దగ్గర రెండడుగులు తేడా వస్తుంటే నది అడుగుభాగపు ఆకారమో, లంకల మీది గరుకుదనమో తప్పుగా వేసినట్టు.

బుడమేరు కథ ఇంకా చిక్కు. బుడమేరు నీటిని వెలగలేరు నుంచి కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువ ఎడమ గట్టుకు కవులూరు పరిసరాల్లో గండ్లు పడ్డాయి. గండిలోంచి వెళ్లే నీటిని ఆ సమయంలో కొలిచేవాళ్లు ఎవరూ ఉండరు. గండి వెడల్పు, లోతు చూసి వెనక్కి లెక్క కడతారు. కాబట్టి బుడమేరు మోడల్‌కు ప్రవాహాన్ని లక్ష్యంగా పెట్టుకోవడం బలహీనమైన పని, నీటిమట్టాన్ని పెట్టుకోవడం మేలు. నీటిమట్టాన్ని నమోదు చేసిన అతిపెద్ద రికార్డు ఏ ఆఫీసులోనూ లేదు. సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, వాంబేకాలనీ ఇళ్ల గోడల మీద ఉంది.

గోడ మీది మరకను చదవడంలో కొన్ని మెళకువలున్నాయి. వీధి వైపు గోడ మీది గీతను నమ్మకూడదు. ట్రాక్టర్లు, పడవలు వెళ్లినప్పుడు లేచిన అల ఆ గీతను పైకి నెట్టి ఉంటుంది. ఇంటి లోపల, మెట్ల కింద, బీరువా వెనక గోడ మీద ఉన్న గీత నిలకడ నీటిది. ఇంకో మోసం ఏమిటంటే అన్నిటికంటే ముదురుగా కనపడే గీత శిఖరం కాకపోవచ్చు. నీరు తీసేటప్పుడు ఎక్కడ ఎక్కువ గంటలు నిలిచిందో అక్కడ బురద మందంగా పడుతుంది. అసలు గీత దానికి జానెడు, మూరెడు పైన పలచగా ఉంటుంది. లోపలి గీత దొరికాక ఇంటి అరుగు నుంచి టేపుతో కొలిచి వదిలేస్తే చాలదు. ఆ అరుగు మట్టం సముద్రమట్టం నుంచి ఎంతో లెవెలింగ్ చేసి కట్టాలి. ప్రతి గుర్తుకూ నాణ్యత రాయాలి: స్పష్టంగా ఉన్నది 3 సెంటీమీటర్లు అటూ ఇటూ, ఓ మోస్తరుది 6, అనుమానంగా ఉన్నది 12 ఆ పైన. "ఇక్కడిదాకా వచ్చాయండీ" అని నడుం చూపించి చెప్పిన మాటను కూడా రాసుకోవచ్చు, కానీ దానికి అడుగు తేడా వేసుకుని.

మట్టాల విషయంలోనే చాలా మోడళ్లు మొదట్లోనే దెబ్బతింటాయి. బ్యారేజీ గేజీ అడుగుల్లో, కొత్త డ్రాయింగులు మీటర్లలో, కాలువల పాత బెంచిమార్కులు (ఎత్తు రాసి ఉంచిన గుర్తులు) వాటి సొంత ఆధారం మీద ఉంటాయి. జీపీఎస్ ఇచ్చే ఎత్తు సముద్రమట్టం నుంచి కాదు, లెక్కల కోసం ఊహించుకున్న, ధ్రువాల దగ్గర కాస్త నొక్కిన గోళం నుంచి. మన ప్రాంతంలో ఆ రెంటికీ పదుల మీటర్ల తేడా ఉంటుంది. అంత పెద్ద తేడాను ఎవరైనా పట్టేస్తారు. పట్టుబడనిది 30, 40 సెంటీమీటర్ల తేడా, పాత బెంచిమార్కుకూ కొత్త సర్వేకూ మధ్య ఉండేది. మోడల్ ఎక్కడ చూసినా అడుగు తక్కువ చూపిస్తే, పాపం గరుకుదనం మీదకు నెట్టి మానింగ్ సంఖ్య పెంచేస్తారు. మోడల్ కలుస్తుంది, తప్పు లోపలే ఉండిపోతుంది. అన్ని చోట్లా తేడా ఒకే దిక్కున, దాదాపు ఒకే కొలతలో ఉంటే ముందు బెంచిమార్కులు వెతకాలి, ఆ తర్వాతే మరలు ముట్టుకోవాలి.

ఉపగ్రహ చిత్రాలతో పోల్చడం సులువుగా కనపడుతుంది. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-1లోని రాడార్ మబ్బుల్లోంచి చూస్తుంది, నిలిచిన నీరు అందులో నల్లగా పడుతుంది. కానీ ఊళ్లో అలా కాదు. నీటి మీద పడిన కిరణం ఇంటి గోడకు తగిలి తిరిగి ఉపగ్రహానికే వస్తుంది కాబట్టి మునిగిన వీధి తెల్లగా వెలుగుతుంది. నల్లనిదే నీరు అని గీత గీస్తే సింగ్‌నగర్ పొడిగా తేలుతుంది. గన్నవరం దాటి కొల్లేరు వైపు దీనికి తలకిందులు: ఆగస్టు చివర నాట్లు వేసిన వరిమళ్లన్నీ నీళ్లతోనే ఉంటాయి. వరద రాని చేను కూడా వరదలో మునిగినట్టు పడుతుంది. వరదకు ముందు చిత్రాన్ని పక్కన పెట్టి తేడా తీయకపోతే ఆ పటం వరదను కాదు, వ్యవసాయాన్ని చూపిస్తుంది.

ఇలా పోల్చినప్పుడు సాధారణంగా చెప్పే అంకె ఒకటుంది. మోడల్‌లోనూ చిత్రంలోనూ మునిగిన విస్తీర్ణాన్ని, రెంటిలో ఏ ఒక్కదానిలోనైనా మునిగిన మొత్తం విస్తీర్ణంతో భాగిస్తారు. ఒకటికి దగ్గరగా ఉంటే మంచిది. దీంట్లో చిన్న కనికట్టు జరుగుతుంది. కృష్ణా నది ఎప్పుడూ నీళ్లే. నదినీ, చెరువులనూ కలిపి లెక్కేస్తే, ఊరు ఎలా ఉన్నా అంకె 0.8 దాటిపోవచ్చు. శాశ్వత జలాన్ని తీసేసి మళ్లీ లెక్కేయమనండి, అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు అసలు పోలిక. నీటిమట్టం గంటగంటకూ ఎలా మారిందో గేజీ దగ్గర రికార్డు ఉంటే నాష్, సట్‌క్లిఫ్ 1970లో ఇచ్చిన సూచీ వాడతారు. మోడల్ తప్పుల వర్గాల మొత్తాన్ని, కొలతలు తమ సగటు నుంచి తొలగిన వర్గాల మొత్తంతో భాగించి ఒకటిలోంచి తీసేస్తారు. పూర్తిగా కలిస్తే 1. కొలతల సగటును గుడ్డిగా చెప్పినా 0 వస్తుంది. అంతకంటే హీనమైతే ఋణసంఖ్య. ఒకే పెద్ద వరదకు దీన్ని కడితే మోసపోతాం. మట్టం మీటర్ల కొద్దీ లేచి పడింది కాబట్టి భాగించే సంఖ్య చాలా పెద్దది. శిఖరం మూడు గంటలు ఆలస్యంగా వచ్చినా సూచీ 0.9 చూపించవచ్చు. సింగ్‌నగర్‌లో మంచం మీది పసిబిడ్డను మేడ మీదికి ఎక్కించాల్సిన ఇంటికి ఆ మూడు గంటలే ముఖ్యం. అందుకని ఒక్క సూచీ చాలదు. శిఖరం ఎత్తులో తేడా, శిఖరం వచ్చిన సమయంలో తేడా, మొత్తం నీటి పరిమాణంలో తేడా, ఈ మూడూ విడివిడిగా చెప్పాలి.

గోడ గుర్తుల విషయంలో సగటు తేడా చెప్పి ఊరుకోవడం ఇంకా ప్రమాదం. అర్థం కావడానికి ఒక ఊహా లెక్క. ఆరు ఇళ్ల దగ్గర మోడల్ తేడాలు సెంటీమీటర్లలో ఇలా ఉన్నాయనుకోండి (+ అంటే మోడల్ ఎక్కువ చూపింది, − అంటే తక్కువ): +52, +41, +38, −36, −44, −47. సగటు తేడా సెంటీమీటరు కూడా లేదు! నివేదికలో అది చూస్తే ముచ్చటేస్తుంది. వర్గాలు చేసి సగటు తీసి మూలం కడితే 43 సెంటీమీటర్లు. మొదటి మూడూ రైలు కట్టకు ఎగువన, చివరి మూడూ దిగువన ఉన్నాయనుకుంటే రోగం వెంటనే దొరుకుతుంది. కట్ట కింది తూము మోడల్‌లో లేదు, లేదా ఉన్నదానికంటే చిన్నది. నీరు పైన ఆగిపోయి కిందికి చేరలేదు. ఉచితంగా దొరికే ఉపగ్రహ ఎత్తుల పటంలో తూములు కనపడవు, రోడ్లూ కట్టలూ గోడల్లా నిలబడతాయి. ఇళ్ల కప్పులు, చెట్లు నేలగా లెక్కలోకి వస్తాయి. మన ఊళ్లాంటి చదును నేలలో ఆ పటాల తప్పు మీటరు దాటితే ఏ వీధి మునుగుతుందో చెప్పడం జాతకం చెప్పడమే. కాబట్టి తేడాల పట్టిక కాదు, తేడాల మ్యాప్ అడగాలి. మోడల్ ఎక్కువ చూపిన చోట్లు ఎరుపు, తక్కువ చూపినవి నీలం అనుకుంటే, ఎరుపు ఒక పక్కా నీలం ఒక పక్కా గుంపులు కట్టి ఉంటే మోడల్‌లో ఏదో కట్టడం తప్పింది. చెల్లాచెదురుగా కలిసిపోయి ఉంటే కొలతల తప్పు.

ఎంత తేడా వరకు ఒప్పుకోవాలో మోడల్ నడపక ముందే రాసుకోవాలి. గుర్తుకే 6 సెంటీమీటర్ల అనుమానం ఉన్నప్పుడు 2 సెంటీమీటర్లకు కలపాలని వారం రోజులు మరలు తిప్పేవాళ్లు వరదకు కాదు, మరకకు మోడల్ చేస్తున్నట్టు. ఫలితం చూశాక హద్దు పెంచుకోవడం అంటే, పరీక్ష రాసిన తర్వాత పాసు మార్కులు మార్చుకోవడం.

ఇక అన్నిటికంటే పెద్ద చిక్కుకు వద్దాం. నిర్ణయాలు తారుమారయ్యేది ఇక్కడే. వెడల్పాటి కాలువలో నీటి లోతు, గరుకుదనాన్నీ ప్రవాహాన్నీ గుణిస్తే వచ్చిన సంఖ్యకు 0.6 ఘాతం ప్రకారం మారుతుంది. ప్రవాహం 20 శాతం పెంచినా, గరుకుదనం 20 శాతం పెంచినా లోతు ఒకేలా, దాదాపు 12 శాతం పెరుగుతుంది. 3 మీటర్ల లోతులో అది 35 సెంటీమీటర్లు. గోడ మీది గుర్తు ఈ రెంటినీ విడదీయలేదు. అంటే నీరు ఎక్కువ రావడం వల్ల మునిగామా, గుర్రపుడెక్కా తూటికాడా పట్టి కాలువ పారక మునిగామా అన్న ప్రశ్నకు గుర్తు దగ్గర జవాబు లేదు. రెండు మోడళ్లూ సమానంగా "సరిపోతాయి".

అవి విడిపోయేది కాలువ బాగుచేశాక. తుప్పలు నిండిన కాలువకు మానింగ్ సంఖ్య 0.05 నుంచి 0.08 దాకా వేస్తారు, శుభ్రం చేసిన మట్టి కాలువకు 0.03 ప్రాంతం. అసలు సంఖ్య 0.045 అయి, ప్రవాహాన్ని తక్కువ అంచనా వేసినందువల్ల దాన్ని 0.07కు పెంచి గోడ గుర్తులకు కలిపారనుకోండి. ఇప్పుడు కాలువ బాగుచేస్తే ఏమవుతుందో చూద్దామని 0.03 వేస్తారు. మోడల్ లోతు 40 శాతం తగ్గిపోయిందని చూపిస్తుంది. నిజంగా తగ్గేది 22 శాతం. వాగ్దానం దాదాపు రెట్టింపు అయింది, మోడల్‌లో ఎవరూ కావాలని ఒక్క అబద్ధం కూడా పెట్టలేదు, 2024తో చక్కగా కలిసింది కూడా.

దీనికి మందు సమయం. గరుకుదనం 20 శాతం పెరిగితే నీటి వేగం 10 శాతం తగ్గుతుంది. ప్రవాహం అంతే పెరిగితే వేగం 7 శాతం పైగా పెరుగుతుంది. వెలగలేరు నుంచి నగరం దాకా నీరు ఎన్ని గంటల్లో వచ్చిందో తెలిస్తే రెంటిలో ఏది నిజమో తేలుతుంది. ఆ గంటలు జనం ఫోన్లలో ఉన్నాయి. ఫొటో తీసిన ఫోన్లోనే ఉన్న అసలు ఫైలు కావాలి. వాట్సాప్‌లో వచ్చిన దాంట్లో తీసిన సమయం చెరిగిపోయి, మనకు అందిన సమయం మాత్రమే ఉంటుంది. కరెంటు సబ్‌స్టేషన్లో ఏ ఫీడరు ఎప్పుడు ఆపారన్న లాగ్‌బుక్ కూడా మంచి సాక్ష్యమే.

మోడల్ పెద్దలు చేసిన లెక్కను కాగితం మీద సామాన్యులు కూడా సరిచూడొచ్చు. 10 వేల క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 0.864 టీఎంసీ. మీటరు లోతున పరిస్తే 24 చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. గండ్ల ద్వారా ఇన్ని వేల క్యూసెక్కులు ఇన్ని రోజులు వచ్చాయని ఎవరైనా చెబితే, మునిగిన విస్తీర్ణాన్ని సగటు లోతుతో గుణించి, బయటికి పోయిన నీటిని కలిపి చూడండి. రెండు పక్కలా సుమారుగా తూగకపోతే గరుకుదనం మరలు తిప్పడం దండగ. హెచ్‌ఈసీ-రాస్ లాంటి సాఫ్ట్‌వేర్ తన లోపల నీరు ఎంత శాతం తప్పిపోయిందో తానే చెబుతుంది. ఆ అంకె ఒక శాతానికి బాగా లోపు లేకపోతే మిగతా పోలికలేవీ చూడనక్కర్లేదు.

కృష్ణ మట్టాన్ని మరిచిపోయి బుడమేరు ఒక్కదాన్నే నడిపిన మోడళ్ల గురించి ఎక్కువ చెప్పను. డైవర్షన్ కాలువ కలిసేది బ్యారేజీ ఎగువ కృష్ణలో. అక్కడ నది నిండుగా ఉంటే కాలువ నీరు వెళ్లదు, వెనక్కి ఎగదన్నుతుంది. నది మామూలుగా ఉందని మోడల్‌లో వేసి "సరిపోయింది" అనడానికి లేదు.

చివరికి, మోడల్ చూడని కొలతలతో పరీక్ష. గుర్తుల్లో కొన్నిటిని పక్కన దాచి చివర పోల్చడం మంచి పద్ధతే గానీ, ఒకే వీధిలో మూడిళ్లు వాడి నాలుగో ఇల్లు దాచడం పరీక్ష కాదు, ఆ నాలుగింటి మట్టం ఎలాగూ ఒకటే. కాలనీలకు కాలనీలు దాచాలి. సింగ్‌నగర్‌తో సరిచేసి కండ్రికను చెప్పమనాలి. కృష్ణ మీదైతే 2024తో సరిచేసి 2009ని చెప్పమనొచ్చు, కానీ 2009లో కృష్ణలంక వైపు ఇప్పుడున్నంత రిటైనింగ్ వాల్ లేదు కాబట్టి ఆనాటి ఒడ్డుతోనే నడపాలి. 2005 బుడమేరు వరదను వాడినా అంతే, అప్పటి రోడ్ల ఎత్తు, అప్పటి ఇళ్లు.

అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. బుడమేరు పనులకు ఆధారంగా చూపిస్తున్న ప్రతి మోడల్‌తోపాటు ఒక పేజీ పట్టిక పెట్టమంటున్నాం. అందులో లక్ష్యం ఉన్న చోటు, తేదీ, గంట, కొలిచిన విలువ, కొలతలోని అనుమానం, మోడల్ చెప్పింది, తేడా, దాన్ని సరిచేయడానికి వాడారా లేక దాచి పరీక్షించారా అన్నది ఉండాలి. పక్కనే తిప్పిన మరల జాబితా, తిప్పకముందు విలువా తిప్పాక విలువా ఉండాలి. గండ్లు పడినట్టు సరిచేసిన మోడల్‌ను గండ్లు పడవని నడిపి భవిష్యత్తు చెబుతుంటే ఆ విషయం పెద్ద అక్షరాల్లో రాయాలి.

ఈలోగా మరకలు పోతున్నాయి. సంక్రాంతికి వేసే సున్నం, పెళ్లిళ్లకు వేసే రంగు ఒక్కొక్కటే చెరిపేస్తున్నాయి. ఇంకా మిగిలేది మెట్ల కింద, కరెంటు మీటరు బోర్డు వెనక, గుడి మండపం స్తంభాల మీద, పాత బీరువా వెనక. ఉన్నవాళ్లు రంగు వేయించే ముందు గీత పక్కన టేపు ఆనించి, అరుగు కూడా పడేలా ఫొటో తీసి, గీత చివర మేకు ఒకటి కొట్టి ఉంచండి. మేకు ఉంటే లెవెల్ యంత్రం ఎప్పుడొచ్చినా ఫర్వాలేదు.

భవదీయుడు,
నీటిపారుదల లెక్కలతో పనిచేసే ఒక ఇంజనీరు,
భవానీపురం, విజయవాడ